పాలు పట్టించడం నేర్పిన సిస్టర్‌కి ఐదు స్టార్లు, రాత్రి డ్యూటీకి మాత్రం కాదు

కాన్పుకి ఏ ఆస్పత్రి మంచిదని నెల్లూరులో ఎవరినడిగినా డాక్టర్ పేరు, ఆపరేషన్ ప్యాకేజీ, ఏసీ రూము గురించే చెప్తారు. బిడ్డ పుట్టాక పాలు పట్టించడం దగ్గరుండి నేర్పించే నర్సులున్నారా అని అడిగేవాళ్లు తక్కువ. పొగతోటలోని ఈ ఆస్పత్రికి నేను నాలుగు స్టార్లు ఇస్తున్నది దానికే. ఐదోది తగ్గించింది కూడా ఆ విషయంలోనే.

నాకు సిజేరియన్. నడుముకి మత్తు ఇచ్చారు కాబట్టి మెలకువగానే ఉన్నాను. బయటికి తీసుకురాగానే సిస్టర్ పాపకి బట్టలు చుట్టకుండా నా గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పింది. ఆపరేషన్ అయినా సరే, వీలైతే మొదటి గంటలోనే పట్టించాలంది. మా అత్తమ్మ అప్పటికే తేనె నాకిద్దామని సీసా తెచ్చుకుంది, పైగా ముర్రుపాలు పిండి పారబోయాలని ఆమె పట్టుదల, మా వైపు పెద్దవాళ్లలో ఈ నమ్మకం ఇంకా పోలేదు. సిస్టర్ ఆమెని కసురుకోలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "అమ్మా, ఈ పసుప్పచ్చటి పాలే బిడ్డకి మొదటి టీకా, తేనె మాత్రం ఏడాది నిండేదాకా వద్దు, అందులో ఉండే క్రిములతో పసిబిడ్డలకి ప్రమాదం" అని నిదానంగా చెప్పింది. సీసా సంచిలోకి వెళ్లిపోయింది.

పాప చనుమొన ఒక్కటే పట్టుకుని చప్పరిస్తుంటే నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. సిస్టర్ లాగేయలేదు, చిటికెన వేలు పాప నోటి మూలన పెట్టి పట్టు విడిపించింది. చనుమొనని పై పెదవికి మెల్లగా తాకిస్తూ, పాప ఆవలించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఆగింది. "నువ్వు ముందుకి వంగమాక, బిడ్డనే దగ్గరికి తెచ్చుకో" అంది. చుట్టూ ఉండే నల్లటి భాగం, అందులోనూ కింది వైపుది ఎక్కువగా నోట్లోకి పోవాలట, గడ్డం రొమ్ముకి ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. అలా పట్టగానే నొప్పి తగ్గింది, కాసేపటికి గుటకల చప్పుడు వినపడింది. కుట్ల మీద బరువు పడకుండా పాపని చంక కింద దిండు మీద పెట్టి, కాళ్లు నా వీపు వైపు ఉండేలా పట్టుకోవడం కూడా ఆమే చూపించింది.

ఇక "పాలు పడలేదు" అనే టెన్షన్. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరిదీ అదే మాట. మొదటి రోజు బిడ్డ పొట్టలో పట్టేదే చెంచాడు, ముర్రుపాలు దానికి చాలతాయి, ఎక్కువ పాలు రెండు మూడు రోజులకి పడతాయి, ఆపరేషన్ అయితే ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. రోజు మొత్తంలో 8 నుంచి 12 సార్లు పట్టించాలి. ఏడ్చేదాకా ఆగకూడదు, బిడ్డ తల తిప్పి వెతుకుతున్నా, చెయ్యి నోట్లో పెట్టుకుంటున్నా ఆకలేసినట్టే. ఐదో రోజు నుంచి రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఉచ్చ పోస్తుంటే పాలు అందుతున్నట్టు. మొదట్లో బరువు కొంచెం తగ్గడం మామూలే, పదో వంతు దాకా తగ్గిపోతే మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించాలి. ఇవన్నీ సిస్టర్ నాకొక్కదానికే కాకుండా మా అమ్మకీ అత్తమ్మకీ కూడా చెప్పింది, ఇంటికెళ్లాక ఒత్తిడి పెట్టేది వాళ్లే కాబట్టి అది చాలా పెద్ద సాయం.

ఇప్పుడు ఫిర్యాదు. రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి, పాప ఏడుస్తుంటే దగ్గరికొచ్చి పట్టు ఎలా ఉందో కూడా చూడకుండా, డబ్బా పాలు తెప్పించుకోమని గుమ్మంలోంచే చెప్పి వెళ్లిపోయింది. ఆస్పత్రుల్లో డబ్బా పాల ప్రచారం ఉండకూడదని 1992లోనే చట్టం చేశారు. ఆ అమ్మాయి చేసింది ప్రచారం అనను, వార్డంతా ఒక్కతే చూసుకుంటోంది పాపం. డాక్టర్ అవసరమని రాస్తే అది వేరు సంగతి. కానీ ఆపరేషన్ అయిన మనిషి ఏ అర్ధరాత్రో ఆ మాట వింటే పొద్దున్నకల్లా బిడ్డ నోట్లో సీసా ఉంటుంది. మేం ఆగాం. తెల్లారాక పాత సిస్టర్ వచ్చి చేత్తో పాలు పిండడం నేర్పి, ఉగ్గుగిన్నెతో పట్టించింది. యాజమాన్యానికి నా విన్నపం ఒక్కటే, ఇలా నేర్పిన వాళ్లని రాత్రికి కూడా ఒకరిని వెయ్యండి.

డిశ్చార్జ్ అయ్యాక పాలు గడ్డకట్టి రొమ్ము రాయిలా అయితే వార్డుకి ఫోన్ చేశాను, విసుక్కోకుండా చెప్పారు: ముందు గోరువెచ్చని తడిగుడ్డ వేసి, కొంచెం పిండి, మెత్తబడ్డాక పాపకి పట్టించమన్నారు. జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మన్నారు.

రూములు శుభ్రంగా ఉన్నాయి, బిల్లు ముందు చెప్పినంతే అయింది. పార్కింగ్ కష్టం. బాలింతకి పనికొచ్చే భోజనం క్యాంటీన్‌లో దొరకదు, క్యారేజీ ఇంటి నుంచి తెప్పించుకోండి.