పేడపురుగు తాయెత్తు: చేతికా, గుండెకా?

ఎవరినైనా పేడపురుగు అని చూడండి, గొడవే. ప్రాచీన ఈజిప్టువాళ్లు మాత్రం ఆ పురుగునే వేలికి పెట్టుకున్నారు, మెడలో కట్టుకున్నారు, పోయాక గుండె మీదా పెట్టించుకున్నారు. పేడ ఉండను దొర్లించుకుపోయే పురుగులో వాళ్లకు పొద్దున్నే సూర్యుణ్ని పైకి నెట్టే ఖెప్రి దేవుడు కనిపించాడు. ఉండలోంచి పిల్లపురుగు తనంతట తానే పుడుతుందని నమ్మారు. లోపల గుడ్డు పెట్టి ఉంటుందని వాళ్లకేం తెలుసు! అందుకే వాళ్ల లిపిలో ఆ పురుగు బొమ్మకు 'అవడం, రూపం దాల్చడం' అని అర్థం.

ఆ పురుగు ఆకారంలో చేసినవి మూడు రకాలు: రాజు పంచిన పెద్దవి, శవం గుండె మీద పెట్టేవి, వేలికో మెడకో పెట్టుకునే చిన్నవి. వీటిలో ఒకటే తీసుకోమంటే?

మూడో అమెన్‌హోటెప్ రాజు చేయించి పంచిన పెద్దవాటిని ముందే పక్కన పెట్టేస్తాను. తన పాలన తొలి పదేళ్లలో 102 సింహాలను తన బాణాలతోనే కొట్టానని ఒకదాని అడుగున చెక్కించుకున్నాడు. దాన్ని తాయెత్తు అనడం కంటే ఫ్లెక్సీ అనడం నయం.

అసలు పోటీ మిగతా రెంటికే. గుండె తాయెత్తు ఎక్కువగా పచ్చరాయితో చేసేవారు. చనిపోయినవాడి గుండెను సత్యదేవత మాత్ ఈకతో తూచేవేళ పనికొచ్చేలా, 'నా తల్లి ఇచ్చిన ఓ గుండె, నాకు ఎదురుసాక్ష్యం చెప్పకు' అనే మంత్రం ఆ తాయెత్తు అడుగున ఉంటుంది. తూకం తప్పితే మొసలి తల అమ్మిత్ ఆ గుండెను మింగేస్తుంది. మనం మనస్సాక్షి అని ఊరికే అనేస్తాం, వాళ్లకు గుండె నిజంగానే బోనెక్కే సాక్షి. ఇంత లోతైన భావం చిన్న తాయెత్తులో లేదు, ఒప్పుకుంటాను. కానీ సాక్షి నోరు ముందే నొక్కేయడం నాకెందుకో మింగుడుపడదు.

చిన్నది గోరంత ఉంటుంది. మనం బలపాలు చేసుకునే మెత్తని రాయినే చెక్కి, నీలిపచ్చ పూత పూసి కాలుస్తారు, దాంతో రాయి గట్టిపడుతుంది. నిలువునా బెజ్జం, అడుగున పేరో హోదానో. తడిమట్టి మీద నొక్కితే జాడీకో, పెట్టెకో, ఉత్తరానికో సీలు పడుతుంది. తాయెత్తూ అదే, స్టాంపూ అదే. బతికుండగానే రోజూ పనికొస్తుంది కాబట్టి నా ఓటు దీనికే.

గుండె తాయెత్తుకు మరో చిక్కుంది, దొంగలు. సోబెకెంసాఫ్ రాజుది, బంగారు చట్రంలో మనిషి ముఖమున్న పచ్చరాయి పురుగు, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ పేరుగల రాజు సమాధిని దోచిన దొంగల వాంగ్మూలం పపైరస్ మీద దొరికింది: మెడలోని తాయెత్తులు, బంగారం ఒలుచుకుని శవపేటికలకు నిప్పు పెట్టామని ఒప్పుకున్నారు.