మూలన దొరికిన ఘోస్ట్ ప్లాంట్: తిరుపతిలో ఒక నర్సరీ అనుభవం

తిరుపతి శివారులోని ఒక నర్సరీలో గత ఆగస్టులో 120 రూపాయలకు కొన్న ఘోస్ట్ ప్లాంట్ అనే సక్యులెంట్ (ఆకులలో నీరు దాచుకునే మొక్క) గురించి, దానిని అమ్మిన తీరు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. మొక్కకు పూర్తి మార్కులు వేస్తాను. అమ్మకానికి సగం కూడా వేయలేను.

షేడ్ నెట్ కింద ముందు వరుసలో ఎర్రని, గులాబీ రంగు ఎచెవేరియా అనే మరో రకం సక్యులెంట్లను 250 రూపాయల చొప్పున పేర్చి, బూడిద రంగులో ఉన్న ఈ మొక్కను మాత్రం వెనక మూలకు నెట్టేశారు. నీడలో దాని రంగు అంతే. రోజా పువ్వులా ఆకులు పొరలు పొరలుగా అమరే ఈ సక్యులెంట్ శాస్త్రీయ నామం గ్రాప్టోపెటాలం పరాగ్వాయెన్స్. పేరులో పరాగ్వే ఉన్నా దీని పుట్టిల్లు మెక్సికో. మా మిద్దె మీద ఉదయపు ఎండ బాగా తగిలే పిట్టగోడ పక్కన ఉంచిన కొన్ని వారాలకే ఆకులలో లేత గులాబీ, పసుపు ఛాయలు తేలాయి. ఆకుల మీద పొడిలా కనిపించేది మొక్కను ఎండ నుండి కాపాడే మైనపు పొర. ఒకసారి చెరిగితే ఆ ఆకు మీద మళ్లీ రాదు. నర్సరీ కుర్రవాడు దానిని దుమ్మనుకొని తడిగుడ్డతో తుడవబోతే నేనే ఆపవలసి వచ్చింది.

వారు ఇచ్చిన సలహా మరీ అన్యాయం. కుండీ నిండా తడి ఆరని కోకోపీటు (కొబ్బరి పీచు పొట్టు) పెట్టి, రోజూ కాసిన్ని నీళ్లు పోయమన్నారు. అదే రోజు అదే మొక్కను కొని ఆ మాట పాటించిన మా వదినగారి కుండీలో అక్టోబరు ముసురుకు కాండం నల్లబడి కుళ్లిపోయింది. నేను ఇంటికి రాగానే వేళ్లకున్న పీటు దులిపి, రెండు పాళ్లు ముతక ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు కలిపి మట్టి కుండీలో నాటాను. మట్టి పూర్తిగా ఎండిన తరువాతనే, అడుగు రంధ్రం నుండి కారేదాకా నీరు పోస్తున్నాను. మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు పడతాయి కనుక ఆ నెలలలో సజ్జ కిందికి, మేలో మధ్యాహ్నపు ఎండ సోకని చోటికి కుండీని మార్చక తప్పదు.

ఇక పెట్టిన డబ్బుకు అసలు ప్రతిఫలం పిలకలలో ఉంది. ఇది మన రణపాల కుటుంబానికి చెందినదే. అయితే రణపాలకు ఆకు అంచున పుట్టే పిలకలు దీనికి ఆకు మొదలు దగ్గర పుడతాయి. అందుకే ఆకును గిల్లకుండా, మెల్లగా అటూ ఇటూ కదిలించి మొదలుతో సహా ఊడదీయాలి. నాలుగు రోజులు నీడలో ఆరనిచ్చి పొడి మట్టిపై పరిస్తే, రెండు మూడు వారాలలో గులాబీ రంగు వేళ్లు, ఆ పైన చిట్టి మొక్క కనిపిస్తాయి. తల్లి ఆకు వడలి తనంతట తాను రాలే వరకు దానిని పీకకూడదు. నేను పరిచిన 15 ఆకులలో 12 బతికాయి; మిగిలిన మూడూ వేళ్లు రాకముందే నీళ్లు చల్లిన నా తొందరకు బలయ్యాయి.

ఆ నర్సరీకి వెళ్లేవారు ఆకుల సందులలో తెల్లని పిండినల్లి పురుగు లేదని చూసుకొని మొక్కను తెచ్చుకోవచ్చు. గల్లా పక్కన 60 రూపాయలకు అమ్మే సక్యులెంట్ మట్టి పొట్లాన్ని మాత్రం అక్కడే వదిలేయండి. విప్పి చూస్తే అందులోనూ ఎక్కువ భాగం కోకోపీటే.