24 వేల లోపు టార్గెట్ రైఫిల్: కడప వడ్రంగి భాయ్‌కి నాలుగున్నర స్టార్లు, స్కోప్ అమ్మిన షాపుకి ఒకటే

ముందే చెప్పేస్తున్నా, ఇది పిట్టల తుపాకీ గురించి కాదు. పెద్ద దర్గా ఉరుసులో బెలూన్లు కొట్టే తుపాకీ చూసినవాళ్లంతా నా చేతిలోది చూసి "అదేనా అప్పా?" అంటున్నారు. చుట్టరికం ఉంది గానీ అది కాదు. 10 మీటర్ల దూరంలో కాగితం మీద గురి చూసే ఎయిర్ రైఫిల్ ఇది. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచిన ఆట ఇదే. ఆయన వాడిన తరగతి జర్మన్ రైఫిళ్లు ఇప్పుడు కొనాలంటే లక్షలు కావాలి. నా దగ్గర ఉన్నది ఈపీఎఫ్ లోను తీసుకోకుండా ఇంట్లో చెప్పగలిగినంత డబ్బు, అంటే పాతిక వేలు.

కాబట్టి ఇండియాలో తయారైన .177 బోరు (గొట్టం లోపలి వెడల్పు .177 అంగుళాలు, అంటే 4.5 మి.మీ.) స్ప్రింగ్ రైఫిల్ ఒకటి 9,800కి కొన్నా. బ్యారెల్ మడిచి లోడ్ చేసే రకం, లోపలి స్ప్రింగ్ పిస్టన్‌ని తోస్తే ఆ గాలి పెల్లెట్‌ని, అంటే చిన్న సీసపు గుండుని, ముందుకు కొడుతుంది. మామూలు రైఫిలే, దాన్ని మ్యాచ్‌కి పనికొచ్చేలా ఎంతవరకు మార్చుకోవచ్చో చూద్దామని. లైసెన్స్ సంగతి చాలామంది అడుగుతున్నారు: 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు 4.5 మి.మీ. దాటినా, శక్తి 20 జౌల్స్ దాటినా లైసెన్స్ కావాలి, ఈ రెండింటి లోపు ఉంటే అక్కర్లేదు. అర గ్రాము పెల్లెట్‌ని సెకనుకి 175 మీటర్ల వేగంతో కొట్టే మ్యాచ్ రైఫిల్ శక్తి 8 జౌల్స్ లోపే. అందుకే "గట్టి స్ప్రింగ్ వేయిస్తా అన్నా, ఇనప రేకు చీలిపోతాది" అన్న కుర్రాడికి దండం పెట్టి వచ్చేశా. గట్టి స్ప్రింగ్ వేస్తే పెరిగేది కుదుపు, తగ్గేది గురి, పైగా చట్టంతో తలనొప్పి.

నేను చేసిన మొదటి తప్పు స్కోప్. షాపతను "టార్గెట్ అంటే స్కోప్ ఉండాల్సిందే సార్" అన్నాడు, నేను తల ఊపాను, 2,600 పోయింది. 10 మీటర్ల మ్యాచ్‌లో స్కోప్‌ని అసలు అనుమతించరు, ఆ ముక్క అతను చెప్పలేదు, నేనూ కనుక్కోలేదు. సరే ప్రాక్టీసుకైనా పనికొస్తుందిలే అనుకుంటే, అది దూరం గురికి చేసింది, 10 మీటర్ల దగ్గర బొమ్మ అలికినట్టు కనిపించేది. కన్ను కాస్త పక్కకి జరిగితే క్రాస్ గీత కూడా జరిగేది. దానికి తోడు స్ప్రింగ్ రైఫిల్ కుదుపు రెండు వైపులా ఉంటుంది: పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి, పిస్టన్ చివర తగిలి ఆగేటప్పుడు ముందుకు. ఆ దెబ్బకి ముప్పై నలభై షాట్లకి స్కోప్ బిగింపులు తుపాకీ పైనున్న పట్టా మీద వెనక్కి పాక్కుంటూ వచ్చేవి. వాపసు తీసుకోమంటే "డబ్బా చించారు కదా సార్" అన్నాడు. ఆ ఒక్క స్టార్ కూడా మంచినీళ్లు ఇచ్చినందుకు.

తర్వాత పీప్ సైట్ సెట్ తెప్పించుకున్నా, 5,400. వెనక సన్నని రంధ్రం, ముందు గొట్టంలో మార్చుకునే రింగులు. రింగు మధ్యలో టార్గెట్ మీది నల్ల చుక్క కూర్చోవాలి, చుట్టూ తెల్ల వలయం సమంగా కనిపించాలి. మొదట నేను చిన్న రింగు పెట్టి నల్ల చుక్కని ఇరికించేవాణ్ని, గురి బాగా కుదురుతుందనుకుని. కానీ తెలుపు సన్నబడితే ఏ పక్కకి జరిగిందో కంటికి తెలియదు. పెద్ద రింగు వేశాకే మార్కులు పెరిగాయి. కన్ను రింగు మీదే ఉండాలి, టార్గెట్ కాస్త మసకబారినా పర్వాలేదు.

ఇక అసలు కథ వడ్రంగి భాయ్‌ది. పాత బస్టాండు దగ్గరి సందుల్లో చిన్న కొట్టు. తలుపులు, మంచాలు, దర్వాజాలు చేస్తాడు, తుపాకీ బట్‌ని (భుజానికి ఆనించే వెనక చెక్క) ఎప్పుడూ ముట్టుకోలేదు. దుప్పట్లో చుట్టుకుని ఆటోలో తీసుకెళ్లా (ఆటో అతను అద్దంలో నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది). భాయ్ దుప్పటి విప్పి, బిల్లు ఉందా అని అడిగి, బ్యారెల్ మడిపించి ఖాళీగా ఉందని తన కళ్లతో చూసుకుని, అప్పుడు చేతిలోకి తీసుకున్నాడు. నాకు అక్కడే నచ్చాడు.

"కండ్లు మూసుకో అన్నా. ఎత్తి భుజానికి పెట్టు. చెంప ఆనించు. ఇప్పుడు తెరువు." తెరిచా. కన్ను సైట్ రంధ్రానికి బాగా కింద ఉంది, మెడ సాగదీస్తే గానీ అందడం లేదు. భాయ్ ఏమీ అనకుండా అట్టముక్కలు చించి బట్ మీద ఒకటొకటిగా పేర్చి రబ్బరు బ్యాండు వేశాడు. నాలుగో అట్టకి కాదు, ఆరోదానికి కాదు, ఏడో అట్ట దగ్గర కళ్లు తెరవగానే రంధ్రం నేరుగా ఎదురుగా ఉంది. స్కేలు పెట్టి కొలిచాడు, 18 మి.మీ. రేషను కార్డు జిరాక్సు వెనక రాసుకున్నాడు. అంతకు ముందు నెల రోజులు నేను సైట్ స్క్రూలు తిప్పుతూ వెతికింది ఈ 18 మి.మీ.నే.

చెక్క ఏది వేద్దామంటే పాత ఇంటి దర్వాజా టేకు ముక్క తీశాడు. ఎప్పుడో ఎండి రాయైన చెక్క, మన కడప ఎండకి ఇంకా వంగడానికి దాంట్లో ఏమీ మిగల్లేదు. "ఎర్రచందనం లేదా భాయ్?" అని నవ్వితే, "ఉంటే నేను ఈడ ఎందుకుంటా, ఉన్నా నువ్వు నన్ను చూసేదానికి జైలుకు రావాల" అన్నాడు. ఆ టేకుతో చెంప చెక్క చేసి, రెండు బోల్టుల మీద పైకి కిందకి జరిగేలా గాడి తీశాడు. భుజానికి ఆనే చోట చంద్రవంక ఆకారంలో వంపు, దాని వెనక లేత్ షాపులో 600కి చేయించిన ఇనప పట్టీ, అదీ జరుపుకోవచ్చు. ముందు వైపు అరచేయి పెట్టే చోట కింద అదనంగా చెక్క దిమ్మ. నిలబడి కొట్టేటప్పుడు ఎడమ మోచేయి తుంటి ఎముక మీద కూర్చోవాలి, నా చేతులు పొట్టి కాబట్టి ఆ దిమ్మ లేకుండా అది జరగదు. లక్క పాలిష్ అయ్యాక మొత్తం బరువు 4.1 కిలోలు వచ్చింది, నిబంధన 5.5 కిలోల దాకా ఒప్పుకుంటుంది.

కూలీ, చెక్క అంతా కలిపి 3,500. వారం అన్నాడు, 24 రోజులు పట్టింది. మధ్యలో రెండు పెళ్లిళ్ల మంచాలు అడ్డమొచ్చాయట. ఫోన్ చేస్తే "ఐపోయింది అన్నా, పాలిషే" అనేవాడు, వెళ్తే పాలిష్ కాదు కదా ఉలి కూడా తగల్లేదు. అర స్టార్ కోత దానికే. పని మీద ఒక్క మాట అనడానికి లేదు.

తెచ్చిన వారానికి గ్రూపు, అంటే షాట్లన్నీ ఎంత దగ్గర దగ్గరగా పడతాయన్నది, పాడైంది. రెస్టు మీద ఆనించి కొడితే ఐదు షాట్లు 12 మి.మీ.లో పడేవి కాస్తా 35 మి.మీ. చెదిరాయి. పెల్లెట్లని తిట్టా, స్ప్రింగ్‌ని తిట్టా, బ్యారెల్ ఒక్కోసారి ఒక్కోలా మూసుకుంటోందేమోనని రెండు రోజులు అనుమానపడ్డా. (అదీ నిజమైన సమస్యే: ఈ రకంలో ముందు సైట్ బ్యారెల్ మీద, వెనక సైట్ బాడీ మీద ఉంటాయి, మూసేటప్పుడు ప్రతిసారీ ఒకే ఒత్తిడితో మూయాలి.) చివరికి భాయ్ దగ్గరికే పోతే, బట్‌ని పట్టుకున్న పక్క స్క్రూ వేలితో తిరిగింది. "మంచం కిర్రుమంటే చెదలనుకోకూడదు, ముందు మేకు చూడాల" అన్నాడు. మూడు స్క్రూలకీ నీలం లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేశాక ఇప్పటిదాకా కదల్లేదు.

ట్రిగ్గర్‌కి పైసా ఖర్చు పెట్టలేదు. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాకి తాడు కట్టి ట్రిగ్గర్‌కి వేలాడదీసి, బ్యారెల్ ట్రాప్ (పెల్లెట్లని ఆపే పెట్టె) వైపే ఉంచి, పెల్లెట్ వేసిన రైఫిల్ కాబట్టి అద్దాలు పెట్టుకుని, నెమ్మదిగా నీళ్లు పోస్తూ పోయా. పేలినప్పుడు ఎన్ని నీళ్లుంటే ట్రిగ్గర్ లాగడానికి అంత బరువు కావాలన్నమాట, మిల్లీలీటరుకి గ్రాము లెక్క. (పెల్లెట్ లేకుండా పేలిస్తే పిస్టన్ దెబ్బతింటుంది, ఆ పని చేయకండి.) కంపెనీ నుంచి వచ్చినప్పుడు 2.4 కిలోలు, స్క్రూ సర్దాక 1.1. లేత్ షాపతను లోపలి కొక్కెం ఆకురాయితో అరగదీస్తే ఇంకా తేలికవుతుందన్నాడు, వద్దన్నా. చేయి తగలకుండా పేలే తుపాకీ నాకెందుకు.

పెల్లెట్లు మూడు రకాల డబ్బాలు కలిపి 1,900. మొన దేలినవి చూడ్డానికి బాగుంటాయి, కాగితం మీద చెదురుతాయి. చదును తలవే కొనండి, కాగితాన్ని పంచ్ మిషన్‌లా గుండ్రంగా కోస్తాయి, మార్కు లెక్క సులువు. టార్గెట్ నడిమధ్య పది మార్కుల వలయం అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ అంచు దానికి తగిలితే చాలు పది ఇస్తారు, అంటే 4.5 మి.మీ. పెల్లెట్ మధ్య భాగం కేంద్రం నుంచి రెండున్నర మి.మీ. లోపు పడాలి. ఈ లెక్క తెలిశాక 12 మి.మీ. గ్రూపు చూసి మురిసిపోవడం ఆపేశా.

వంటింటి గడప నుంచి వీధి వసారా గోడకి సరిగ్గా 10 మీటర్ల 20 సెం.మీ. ఉంది మా ఇల్లు, అదృష్టం. దురదృష్టం ఏంటంటే అట్టపెట్టె వెనక గట్టిగా ఉంటుందని కడప బండ పెట్టా. మొదటి రోజే పెల్లెట్ బండకి తగిలి వెనక్కొచ్చి స్టీలు బిందెని టంగుమనిపించింది. "ఇంకోసారి తగిలితే ఆ తుపాకీ పాతసామాన్ల బండికే" అని వంటింట్లోంచి ఆర్డరు. ఇప్పుడు చెక్క పెట్టె, దాని నిండా కుక్కిన పాత పేపర్లు, బట్టలు, కళ్లకి అద్దాలు, కొట్టేటప్పుడు రెండు తలుపులకీ గడియ. పెల్లెట్లు సీసంతో చేసినవి, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగడం మాత్రం మర్చిపోవద్దు.

మొత్తం 23,800, స్కోప్ దండగతో కలిపి. నిలబడి 40 షాట్లలో నా మార్కులు 400కి 318, చెంప చెక్క లేనప్పుడు 251. జర్మన్ రైఫిల్‌తో పోటీ అనను, ఈ కుదుపుతో అది కుదరదు కూడా.

భాయ్ దగ్గరికి వెళ్లేవాళ్లు శుక్రవారం మధ్యాహ్నం వెళ్లకండి, కొట్టు మూసి ఉంటుంది. బిల్లు కాపీ తీసుకెళ్లండి, కొట్టేటప్పుడు వేసుకునే చొక్కా, చెప్పులతోనే వెళ్లండి, లేకపోతే కొలత తప్పుతుంది. వారం అంటే నెల అనుకోండి.