అల్లం మురబ్బా డబ్బా: రుచికి నాలుగు, లేబుల్ మీది గొప్పలకి ఒకటి

ముందే చెప్పేస్తా, రుచికైతే ఐదుకి నాలుగిస్తాను, డబ్బా మీద రాసిన మాటలకి మాత్రం ఒకటే. కొన్నది ఆర్గానిక్ సరుకులమ్మే ఒక షాపులో, పేరు అనవసరం. పావుకిలో డబ్బా, బస్టాండులో బుట్ట పట్టుకుని బస్సెక్కి అమ్మేవాళ్ళ దగ్గర దొరికే దానికి రెండింతల పైనే పడింది.

ముక్క బాగుంది, కాదనను. నోట్లో వేసుకోగానే పైనున్న చక్కెర గరగరలాడి కరుగుతుంది, ఇందులో ఘాటేముంది అనుకునేలోపే గొంతు దగ్గర మొదలై చెవుల దాకా వేడి పాకుతుంది. పీచు పళ్ళలో ఇరుక్కోదు, అంటే లేత అల్లం వాడైనా ఉండాలి, బాగా రుబ్బి వడకట్టైనా ఉండాలి. పాకం మాత్రం ముదిరింది, అడుగున ఉన్న ముక్కలైతే మరీ గట్టి, మా నాయనమ్మ చప్పరించడమే తప్ప కొరకలేకపోయింది. ఆవిడ చేసేటప్పుడు అల్లం రసం కాసేపు కదపకుండా ఉంచి, అడుగున పేరుకున్న తెల్లటిది సున్నమని పారబోసేది. నిజానికి అది అల్లంలో ఉండే పిండి పదార్థమే, కానీ ఆ మాట ఆవిడతో ఎవరంటారు!

ఇక లేబుల్. పైత్యం, అజీర్తి, దగ్గు, కీళ్ళ నొప్పులు, కొలెస్ట్రాల్, చివరికి షుగర్ కూడా, అన్నిటికీ ఇదే మందట. ఆ కిందే చిన్న అక్షరాల్లో పదార్థాల పట్టీ ఉంది, అందులో మొదటి పేరు చక్కెర, తర్వాతే అల్లం. ఎక్కువ బరువున్నది ముందు రాయాలని మన దేశంలో రూలు, కాబట్టి అల్లం కన్నా చక్కెరే ఎక్కువని వాళ్ళే ఒప్పుకున్నట్టు. చక్కెర పాకం అమ్ముతూ షుగర్ తగ్గుతుందని రాయడానికి చేతులెలా వచ్చాయో మరి.

అల్లానికి గుణం లేదని కాదు. శొంఠి లేని కషాయం లేదని పెద్దలు ఊరికే అనలేదు. పచ్చి అల్లానికి ఘాటునిచ్చే జింజెరాల్ అనే పదార్థం ఎండేకొద్దీ కొంత షోగాల్‌గా మారుతుంది, అది ఇంకా ఘాటు, శొంఠి నాలుక మీద అంత చురుక్కుమనేది అందుకే. వైద్యపరంగా అల్లానికి బాగా ఆధారాలున్న ఉపయోగం వికారం తగ్గించడం, ముఖ్యంగా గర్భిణులకి తొలి నెలల్లో వచ్చే వేవిళ్ళకి. వేవిళ్ళ మీద జరిగిన పరీక్షల్లో ఎక్కువగా వాడింది రోజుకి దాదాపు 1 గ్రాము శొంఠి పొడి. మురబ్బా ముక్కలో ఎంత అల్లం ఉందో లేబుల్ చెప్పదు, అదే చిక్కు. గర్భిణులు డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టకపోవడం మంచిది.

ప్రయాణపు వాంతుల సంగతి అంత తేల్చి చెప్పేది కాదు, కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. శ్రీశైలం వెళ్తూ మన్ననూరు దాటి నల్లమల మలుపులు మొదలయ్యాక మా తమ్ముడు ఒక్కో ముక్క చప్పరిస్తూ హాయిగా కూర్చున్నాడు, మా అక్క కూతురేమో అదే ముక్క తిని అదే కారు ఆపించింది. ఒకటి మాత్రం మెచ్చుకోవాలి, ప్రయాణంలో వాంతులు రాకుండా వాడే అవోమిన్ బిళ్ళ వేసుకుంటే వచ్చే మత్తు దీనితో రాదు, దారంతా అడవి చూసుకుంటూ పోవచ్చు.

రక్తం పలచబడే మందులు, వార్ఫరిన్ లాంటివి వాడేవాళ్ళు డాక్టరుని అడక్కుండా రోజూ తినొద్దు. గుండెల్లో మంట ఉన్నవాళ్ళకి ఎక్కువైతే ఆ మంటే పెరగొచ్చు. షుగర్ ఉన్నవాళ్ళయితే ఈ డబ్బా జోలికే పోవద్దు, లేబుల్ ఏం చెప్పినా సరే.

మళ్ళీ కొంటానా అంటే, ప్రయాణాలకి చిన్న ప్యాకెట్ దొరికితే కొంటాను. దగ్గుకీ జలుబుకీ మాత్రం పచారీ కొట్లో శొంఠి కొమ్ములు తెచ్చి దంచుకోవడమే, అందులో చక్కెరుండదు, ఖర్చూ తక్కువ. పావుకిలో డబ్బా తెస్తే ఇంట్లో పిల్లలు మందని కాకుండా మిఠాయని తినేస్తున్నారు, మా డబ్బా ఇప్పటికే సగం ఖాళీ.