బందరు కళాకేంద్రంలో తొమ్మిదేళ్లు: ఏ కాలంలో ఏ తరగతి

మా అమ్మాయి రెండో తరగతి పూర్తి చేసిన వేసవిలో, అంటే 2016 ఏప్రిల్ చివరి వారంలో, బందరు (మచిలీపట్నం)లోని ఒక చిన్న కళాకేంద్రంలో కూచిపూడి నేర్చుకోవడానికి చేర్పించాను. నలభై రోజుల శిబిరం కోసం వెళ్లినవాళ్లం, కరోనా మూలంగా తలుపులు మూసిన రోజులు తప్పిస్తే, తొమ్మిదేళ్లుగా ఆ గేటు దాటి లోపలికి వెళ్తూనే ఉన్నాం. అమ్మాయి నాట్యం నేర్చుకుంది. నేను అచ్చు అద్దకం కలంకారీ, కొన్నాళ్లు గాత్రం, ధనుర్మాసంలో ముగ్గులు నేర్చుకున్నాను. కేంద్రం పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసిన సంగతులతో పాటు నొచ్చుకున్న సంగతులూ చెప్పాలి, ఆ నిర్వాహకులేమో కూరగాయల బజారులో వారానికి రెండుసార్లు నాకు ఎదురుపడే మనుషులు.

పెంకుటిల్లు, ముందు వసారా, మధ్యలో ఒక హాలు, పెరట్లో వేపచెట్టు, ఉప్పునీళ్ల బోరు: కేంద్రం అంటే ఇంతే. గురువులెవరూ అక్కడ పూర్తికాలం పనిచేసేవారు కారు. నాట్యం నేర్పే మేడమ్‌గారు కూచిపూడి వైపు నుంచి బస్సులో వస్తారు, అద్దకం నేర్పే పెద్దాయన పెడన నుంచి వస్తారు. ఈ రెండు ఊళ్లూ ఇంత దగ్గరలో ఉండడం బందరుకు కలిసివచ్చిన అదృష్టం. నిజానికి ఈ ఊరికి కళల బడి కొత్త కాదు. కోపల్లె హనుమంతరావుగారు మొదలైనవారు 1910లో నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ చిత్రలేఖనం నేర్పారు, ఆయన దగ్గర నేర్చుకున్న అడివి బాపిరాజుగారు తరవాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. అంతటి సంస్థతో ఈ పెంకుటింటిని పోల్చడం నా ఉద్దేశం కాదు. పిల్లవాడిని బొమ్మలు వేయడానికి పంపుతున్నామంటే వింతగా చూసే ఊరు మాత్రం ఇది కాదని చెప్పడానికే ఆ ప్రస్తావన.

ఏటా ఉగాది వెళ్లాక కేంద్రం వారు ఏడాది పట్టిక ఒకటి అచ్చువేసి వసారాలో అంటిస్తారు. అందులో రెండు రకాల తరగతులు ఉంటాయి. బడి సెలవులను చూసి పెట్టినవి కొన్ని, ఆ కళకు తగిన కాలాన్ని చూసి పెట్టినవి కొన్ని. మొదటి రెండేళ్లు ఈ తేడా నాకు తెలియలేదు. తెలిశాక మాత్రం ఎవరు సలహా అడిగినా ముందు ఇదే చెబుతున్నాను: సెలవుల తరగతులు పిల్లలకు పొద్దుపోవడానికి పనికివస్తాయి, కాలానికి తగిన తరగతులు పని నేర్పుతాయి.

కలంకారీ సంగతే చూడండి. వేసవి శిబిరంలో దీనికి కేటాయించేది రెండు రోజులు. పిల్లల చేతికి తెల్ల రుమాళ్లు, ఒక్కొక్క టేకు అచ్చు, డబ్బాలో కలిపి తెచ్చిన రసాయనిక రంగు ఇస్తారు. అచ్చును రంగులో ముంచి గుడ్డ మీద గుద్ది, ఆరబెట్టి ఇంటికి తెచ్చుకుంటారు. నాలుగు ఉతుకుల్లో నెమలి తోక పోతుంది. ఇందులో గురువుగారి తప్పేమీ లేదు. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు. అచ్చుపడిన గుడ్డను పారే నీళ్లలో జాడించకపోతే, మిగులు రసం కరిగి ఖాళీగా ఉండవలసిన చోటల్లా మరకై కూర్చుంటుంది. నిలవ నీళ్లు పనికిరావు, మా బోరు నీళ్లు అసలే పనికిరావు. వానాకాలంలో కాలువ నిండా నీళ్లుంటాయి గానీ ఎండ ఉండదు, పరిచిన బట్ట ఆరదు. అందుచేత నీళ్లూ ఎండా రెండూ దొరికే కాలం మార్గశిరం నుంచి మాఘం దాకానే. పెద్దవాళ్ల కోసం పన్నెండు రోజుల తరగతిని కేంద్రం వారు సరిగ్గా ఆ రోజుల్లోనే పెడతారు.

నేను 2018 డిసెంబరులో ఆ తరగతిలో చేరాను. గంజి పోయేదాకా ఉతికిన నూలుబట్టను మొదటి రెండు రోజులూ కరక్కాయ నీళ్లలో నానబెట్టడం, పిండడం, ఆరవేయడం తప్ప మరో పని లేదు. బట్ట లేత పసుపు రంగుకు తిరిగి, వగరు వాసన వేసింది. మూడో రోజున పెద్దాయన ఒక కుండ మూత తీశారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టిన రసం అది, కసిమి అంటారు. కుండలో చూస్తే పల్చని మురికి నీళ్లలా ఉంది. అచ్చును అందులో తడిపి కరక్కాయ పట్టిన బట్ట మీద అద్దగానే, కాటుక పెట్టినట్టు నల్లగా తేలింది. కరక్కాయ వగరూ ఇనుమూ కలిస్తేనే ఆ నలుపు వస్తుందనీ, ఉత్త బట్ట మీద అదే రసం అద్దితే తుప్పు మరకే మిగులుతుందనీ ఆయన ఒక గుడ్డపీలిక మీద అద్ది చూపించారు.

ఎరుపు సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. ఎర్రగా రావలసిన చోట అద్దేది పటిక నీళ్లు. ఎక్కడ అద్దామో కంటికి ఆనడానికి అందులో చిటికెడు రంగు కలుపుతారు, అంతే. నా పక్కన కూర్చున్న రిటైర్డు టీచరుగారు పువ్వు రేకులు సరిగ్గా పడలేదని బెంగపడుతుంటే, పెద్దాయన నవ్వి, "తొందరపడకమ్మా, పటిక ఇంకా పొయ్యి చూడలేదుగా" అన్నారు. చివరి రెండు రోజులు మమ్మల్ని పెడన తీసుకువెళ్లారు. అక్కడ కాలువలో ఒకరు ఈ చివరా మరొకరు ఆ చివరా పట్టుకుని బట్టను ప్రవాహంలో ఆడించాం. తరవాత రాగి కాగులో రంగు వేర్లూ చెక్కలూ వేసి మరిగించిన నీళ్లలో బట్టను ముంచి కర్రతో తిప్పుతూ ఉంటే, పటిక పడిన రేకులు ఒక్కొక్కటిగా ఎర్రబడడం ఆ ఆవిరిలోంచే చూశాం. రంగు బట్టకు పైపైన అంటదు, పటిక ఉన్న చోట మాత్రమే పట్టుకుని నిలుస్తుంది. ఒకప్పుడు ఈ రేవు నుంచి పర్షియా దాకా వెళ్లిన బట్ట ఈ పనే. ఇప్పుడు మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ రోజు నేను అద్దిన దుప్పటి ఏడేళ్లుగా మా ఇంట్లో వాడుకలో ఉంది. ఎరుపు కాస్త మెత్తబడింది గానీ నలుపు చెక్కుచెదరలేదు. రుసుము 2,500 రూపాయలు, బట్ట మనమే తెచ్చుకోవాలి. బందరులో అంతకన్నా సద్వినియోగమైన 2,500 నేను ఎక్కడా ఖర్చుపెట్టలేదు.

కూచిపూడి విషయంలో నా అనుభవం అంత సాఫీగా సాగలేదు. వేసవి శిబిరం ముగింపు నాడు ప్రదర్శన ఉంటుంది. వేదిక, లైట్లు, అద్దెకు తెచ్చిన దుస్తులు, ముందు వరుసలో ఫోన్లు పైకెత్తిన తల్లిదండ్రులు, ఇదంతా ఉన్నప్పుడు పిల్లలు అడవులు (నాట్యానికి పునాది అయిన అడుగుల కదలికలు) వేసి దిగిపోతే ఎవరికీ తృప్తి ఉండదు గనుక, ఏదో ఒక అంశం నేర్పి తీరాలి. రెండో వేసవిలో మా అమ్మాయి బృందానికి తరంగం పెట్టారు. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, తాళం తప్పకుండా పళ్లాన్ని కదిలిస్తూ ఆడాలి. అరమండి, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమ కూడా స్థిరపడని ఎనిమిదేళ్ల పిల్లను ముప్పై అయిదో రోజున పళ్లెం ఎక్కించడం సబబు కాదని నాకు అప్పుడే అనిపించింది. అనిపించినా ఊరుకున్నాను, అది నా తప్పు. సాధనలో కాలు జారి మడమ గీసుకుపోయింది. దెబ్బ చిన్నదే, వారంలో మానింది. కానీ ఆ తరవాత రెండు నెలలు పళ్లెం మాట ఎత్తితే పిల్ల ముఖం ముడుచుకునేది. నిర్వాహకులను అడిగితే, ప్రదర్శన లేకపోతే వచ్చే ఏడు ఎవరూ చేరరని నిజాయితీగానే చెప్పారు. ఆ మాటలో అబద్ధం లేదు, సమర్థన కూడా లేదు.

అదే మేడమ్‌గారు బడులు తెరిచిన తరవాత నడిపే సంవత్సరపు తరగతిలో వేరే మనిషి. వారానికి మూడు సాయంత్రాలు, మొదటి ఏడాదంతా అడవులే. ప్రతి అడవూ మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో వేయాలి, తప్పితే మళ్లీ మొదటి కాలం నుంచి వేయాలి. ఆవిడ తట్టుకర్ర చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. దసరా దాటేసరికి సగం మంది మానేస్తారు, మిగిలిన సగం నేర్చుకుంటారు. మా అమ్మాయి మళ్లీ పళ్లెం ఎక్కింది నాట్యంలో చేరిన అయిదో ఏట, అదీ తనంతట తాను అడిగి. కరోనా రోజుల్లో ఫోన్ వీడియోల ద్వారా పాఠాలు చెప్పడానికి ప్రయత్నించారు గానీ, చప్పుడు ఒక క్షణం వెనకబడి వచ్చే చోట తాళం నేర్పడం ఎవరివల్లా కాదు. నెల తిరగకముందే ఆపేసి, కట్టిన డబ్బు అడగకుండానే తిరిగి ఇచ్చారు. ఆ మర్యాదను కూడా ఇక్కడ నమోదు చేయాలి.

వినాయక చవితికి ముందు ఆదివారం మట్టి వినాయకుడి తరగతి ఉంటుంది. రుసుము లేదు, మట్టి వాళ్లే తెప్పిస్తారు. మొదటి అరగంటా మట్టిలో రాళ్లు ఏరడమే పని. తొండం ఎప్పుడూ ఆరేసరికి విరుగుతుంది, విరక్కుండా ఉండాలంటే పొట్ట మీదికి ఆనించి చేయాలి. ఈ ఒక్క కిటుకు కోసమైనా పిల్లలను పంపవచ్చు. దసరాకు ముందు బొమ్మల కొలువు కోసం పాత కొండపల్లి బొమ్మలను బాగుచేయడం నేర్పే రెండు రోజుల తరగతి కూడా మంచిదే. తెల్ల పొణికి కర్రతో చేసే ఈ బొమ్మలకు చేయో కాలో ఊడితే ఇంట్లో ఫెవికాల్ పూసి అతికిస్తాం. అక్కడ మాత్రం చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, అతుకు కనపడకుండా అరగదీసి, సున్నం పూసి, ఆపైన రంగు వేయడం చూపిస్తారు. మా అత్తగారి కాలం నాటి దశావతారాల సెట్టులో వామనుడి గొడుగు ఇరవై ఏళ్లుగా పెట్టెలో విడిగా ఉండేది, ఇప్పుడు ఆయన చేతికి చేరింది.

కార్తిక మాసపు సాయంత్రాల కార్యక్రమాల మీద ఆశ పెట్టుకోకండి. హరికథ అనీ, బుర్రకథ అనీ కరపత్రాల్లో ఘనంగా వేస్తారు. కానీ నవంబరులో ఈ తీరం సంగతి అందరికీ తెలిసిందే, 1977 ఉప్పెన గుర్తున్న పెద్దలున్న ఊరు ఇది. వాయుగుండం అన్న మాట వార్తల్లో వినపడగానే షామియానా విప్పేస్తారు, అది సరైన పనే. నా అభ్యంతరం వేరు: వాయిదా పడిన సంగతి సభ్యులకు కబురు చేయరు. రెండుసార్లు గొడుగు వేసుకుని వెళ్లి, తాళం వేసిన గేటు చూసి తిరిగివచ్చాను. వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో శుభోదయాలు తప్ప సమాచారం రాదు.

ధనుర్మాసంలో ఉదయం ముగ్గుల తరగతి నెలరోజులు నడుస్తుంది. నేర్పేది ఇద్దరు అమ్మమ్మలు. ఏడు చుక్కలతో మొదలుపెట్టి నాలుగు వచ్చేవరకు సందు చుక్క పెట్టడం దగ్గర నుంచి, గీత ఎక్కడా తెగకుండా చుక్కల చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే చేరే మెలికల దాకా, నోటి లెక్కతోనే నేర్పుతారు. పుస్తకం తెస్తే కోప్పడతారు. తీరా సంక్రాంతి పోటీలో బహుమతి మాత్రం ఏటా రంగులు దట్టించిన చక్రాల బండి బొమ్మకో, నెమలికో వెళ్తుంది. న్యాయనిర్ణేతలు చుక్కలు లెక్కపెట్టడం నేనింతవరకు చూడలేదు. అమ్మమ్మలు దీన్ని నాకన్నా తేలిగ్గా తీసుకుంటారు.

పుష్య బహుళ పంచమి నాడు జరిగే త్యాగరాజ ఆరాధన ఏడాది మొత్తంలో కేంద్రం చక్కగా నిర్వహించే కార్యక్రమం. గాత్రం నేర్చుకునేవారూ, ఎప్పుడో నేర్చుకుని వదిలేసినవారూ, చుట్టుపక్కల ఊళ్ల ఆలయాల్లో పాడేవారూ కలిసి కూర్చుని, నాట రాగం మొదలుకొని శ్రీరాగం వరకు త్యాగరాజు పంచరత్న కీర్తనలు అయిదూ పాడతారు. వరాళి దగ్గరికి వచ్చేసరికి గొంతులు పలచబడతాయి, శ్రీరాగంలో మళ్లీ అందరూ అందుకుంటారు. రెండేళ్లు మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలూ జంట స్వరాలూ పాడి, అలంకారాల దగ్గర ఆగిపోయినదాన్ని నేను. అయినా వెనక వరుసలో కూర్చుని పెదవులు కదిపితే ఎవరూ ఏమీ అనరు. గాత్రం తరగతి గురించి అంతకన్నా చెప్పలేను. ఒకే బృందంలో ఎనిమిదేళ్ల పిల్లలనూ అరవై ఏళ్ల పెద్దలనూ కూర్చోబెట్టి ఒకే శ్రుతిలో పాడించడం వల్ల, నాలాంటి మంద్రపు గొంతులు ఎంతకాలం ఉన్నా నిలదొక్కుకోవు.

చేరదలచినవారికి కొన్ని సంగతులు. వేసవి శిబిరం రుసుము మేము చేరినప్పుడు 800 రూపాయలు, ఈ ఏడాది 1,800. ఇద్దరు పిల్లలుంటే అడిగితే తగ్గిస్తారు, అడగకపోతే తగ్గించరు. మే నెలలో హాల్లో ఉక్క భరించలేం, కరెంటు పోతే ఇన్వర్టరు రెండు ఫ్యాన్లనే తిప్పుతుంది, కనుక పిల్లలను ఉదయం ఆరున్నర బృందంలోనే చేర్చండి. తాగునీళ్లు ఇంటి నుంచి పంపండి. డిసెంబరు కలంకారీ తరగతిలో పన్నెండు మందికే చోటు ఉంటుంది. దీపావళి వెళ్లిన వారంలో వసారాలో ఒక నోటు పుస్తకం పెడతారు, స్వయంగా వెళ్లి పేరు రాసి వస్తేనే లెక్క, ఫోనులో చెబితే రాసుకోరు. బట్ట కొనేటప్పుడు మిల్లు మెరుగు లేని ముతక నూలు తీసుకోండి, పాత పంచె అయితే ఇంకా మేలు. గోళ్లకు పట్టిన కరక్కాయ మరక మాత్రం సంక్రాంతి దాకా వదలదు.