గంట స్తంభం దగ్గర గరగర అమ్మే షాపు

ముందే చెబుతున్నాను, దీనికి సరైన బోర్డు లేదు. విజయనగరం గంట స్తంభం దగ్గర ఓ సందులో, గుమ్మం దాకా పాత రేడియో పెట్టెలు పేర్చి ఉంటే అదే.

నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఎన్ఎంఆర్ అంటే అయస్కాంతంలో పెట్టిన పదార్థంలోని పరమాణు కేంద్రకాలు ఏ రేడియో స్వరాలకి మోగుతాయో చూసే పద్ధతి. ఆ స్వరాల పటాన్ని, అంటే స్పెక్ట్రమ్‌ని, మా పిల్లలు కాగితం మీద చూడటమే. యంత్రం లేదు, శాంపిల్ బయటికి పంపితే గీతలొస్తాయి. అందులో పల్స్ (ఒక్క క్షణం దెబ్బ) సంగతి ఇత్తడి చెంబుతో చెప్పేయొచ్చు. గరిటెతో ఒక్కటి కొడితే దాని స్వరాలన్నీ ఒకేసారి మోగుతాయి. 1966లో శాస్త్రవేత్తలు ఎర్న్‌స్ట్, ఆండర్సన్ కేంద్రకాలకి రేడియో తరంగంతో అలాంటి దెబ్బే వేసి, వచ్చిన మోతని ఫూరియర్ లెక్కతో విడివిడి స్వరాలుగా విడదీశారు. చిక్కంతా తర్వాతి పాఠంతోనే. దెబ్బ కొట్టకుండా, చెంబు మీద ఒక వరసంటూ లేకుండా బియ్యం గింజలు రాలుస్తూ ఉన్నా అవే స్వరాలు తెలుస్తాయంటే క్లాసులో ఒక్కరూ నమ్మలేదు. 1970లో ఎర్న్‌స్ట్, కైజర్ ఎవరికి వారు చూపించింది ఇదే. ఏ గింజ ఎప్పుడు పడిందో చిట్టా ఉంటే చాలు. మోతని ఆ చిట్టాతో కొంచెం కొంచెం జరుపుతూ పోల్చితే, ఒక్క దెబ్బకి వచ్చే మోత బయటపడుతుంది. బలమంతా ఒక్క క్షణంలో గుమ్మరించక్కర్లేదు గనక తక్కువ పవర్ ట్రాన్స్‌మిటర్ సరిపోతుంది.

సరే, చెంబుతోనే చేసి చూపిద్దామనుకున్నాను, బియ్యం గింజల బదులు సర్క్యూట్ పుట్టించే గరగరతో. ఆన్‌లైన్‌లో 74హెచ్‌సీ164 చిప్పులు (ఎనిమిదేసి గడులుండి, సున్నాల్నీ ఒకట్లనీ ఒక్కో గడి ముందుకి జరిపేవి) ఆర్డరిస్తే 165లు వచ్చాయి. అప్పుడు వెళ్లాను ఈ షాపుకి.

"గరగర పుట్టించే సర్క్యూట్‌కి సామాన్లు కావాలండీ" అన్నాను.

పెద్దాయన కళ్లజోడు పైకెత్తి చూశారు. "ఏటి మాస్టారూ, గరగర పోగొట్టమని వస్తారు నా దగ్గరికి. మీరు కొనుక్కుంటానంటారేటి?"

ఆ గరగర ప్రతిసారీ అదే వరసలో రావాలని చెప్పాను. "అయితే అది గరగర కాదు, గరగరలా నటించేది" అన్నారు. సూడో రాండమ్ అన్న మాటకి ఇంతకన్నా మంచి తెలుగు నేను వినలేదు.

రెండు 164లు, ఒక 86 (రెండు గడుల్ని కలిపి, వేరైతే ఒకటి, ఒకేలా ఉంటే సున్నా మొదటి గడికి పంపే చిప్పు), రెండు బజర్ రేకులు, బ్రెడ్‌బోర్డు ఇచ్చారు. ఇంటికొచ్చి స్విచ్ వేస్తే చడీచప్పుడూ లేదు. మర్నాడు మోసుకెళ్తే మీటరు పెట్టి చూసి, "గడులన్నీ సున్నాలే. సున్నాకి సున్నా కలిపితే ఏటొస్తాది?" అన్నారు. ఇంకో చిప్పు ఇమ్మన్నాను, ఇవ్వలేదు. 86లో నాలుగు గేట్లుంటాయి కదా, ఖాళీగా ఉన్నదాని ఒక కాలు అయిదు వోల్టులకి కట్టి, వచ్చే సున్నాని ఒకటిగా తిరగేయించారు. వరస కదిలింది. అమ్ముకునే అవకాశం ఉండి కూడా అమ్మని షాపు ఇదొక్కటే చూశాను.

రెండో తప్పు పూర్తిగా నాదే. పది గడులతో కట్టాను, అంటే 1023 అడుగులు. సెకనుకి 20,000 చొప్పున యాభై మిల్లీసెకన్లకే వరస మళ్లీ మొదలవుతుంది. చెంబేమో అప్పటికింకా మోగుతూనే ఉంటుంది, పాత మోత వచ్చి కొత్తదాని మీద పడుతుంది. ఎన్ఎంఆర్‌లోనూ ఇంతే, సిగ్నల్ చల్లారేదాకా వరస తిరిగి రాకూడదు. చిప్పులు మార్చే పని లేకుండా తీగల్ని 14, 15 గడులకి జరిపాను. 32,767 అడుగులు, సెకనున్నర పైనే. గరిటె దెబ్బకి వచ్చిన శిఖరాలే గరగరలోంచీ లేచాయి. పిల్లలు నమ్మక మళ్లీ మళ్లీ చేయించారు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటి గంటకి మూసేసి నాలుగింటికి గాని తెరవరు. బిల్లు చీటీ మీద రాసిస్తారు, మా ఆఫీసు దాన్ని ఒప్పుకోక డబ్బు నా జేబులోంచే పోయింది. బ్రెడ్‌బోర్డులో కొన్ని రంధ్రాలు వదులు, అడిగితే మార్చారు. అయిదుకి నాలుగు ఇస్తాను.

చిప్పు నంబరు మాత్రం కాగితం మీద రాసుకుని వెళ్లండి. కవర్లో వేసే ముందు భూతద్దం మీ చేతికిచ్చి, మీ చేతే చదివిస్తారు.