ఫిజీ పల్లెలో నెల రోజుల వాలంటీరింగ్: ఊరికి ఐదు స్టార్లు, పంపిన ఏజెన్సీకి రెండే

నేను పుట్టి పెరిగింది కోనసీమలో, ఇప్పుడు ఉండేది ఆక్లాండ్‌లో. ఆరేళ్ళుగా ప్లంబింగ్ సామాను అమ్మే షాపులో పనిచేస్తున్నాను. పోయిన జులైలో నెల రోజులు సెలవు పెట్టి, ఒక ఏజెన్సీకి డబ్బు కట్టి, ఫిజీలో యసావా దీవుల్లోని ఒక చిన్న పల్లెకి వాలంటీరుగా వెళ్ళొచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడ చదువుకుంటున్న మన పిల్లలు "ఎలా ఉంది, అంత డబ్బు కట్టొచ్చా, అమ్మాయిలు ఒంటరిగా వెళ్ళొచ్చా" అని అడుగుతూనే ఉన్నారు, అందుకే అందరికీ కలిపి ఒక్కచోట రాస్తున్నా. ఏజెన్సీ పేరు రాయను. ఊరి పేరూ రాయను, ఎందుకంటే అది హోటల్ కాదు, కొన్ని కుటుంబాలు బతికే చోటు.

ప్రయాణం సంగతి తొందరగా చెప్పేస్తా. ఆక్లాండ్ నుంచి నాండికి మూడు గంటల విమానం. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మనం "నది" అని చదివేస్తాం గానీ అక్కడ "నాండి" అంటేనే అర్థమవుతుంది. ఇండియా నుంచి వచ్చేవాళ్ళు సింగపూర్ మీదుగా రావచ్చు, కానీ సింగపూర్ నుంచే ఇంకో పది గంటలు పడుతుంది. నాండిలో ఒక రాత్రి ఉండి, పొద్దున్న దెనరావు రేవులో పడవ ఎక్కాలి. పసుపు రంగు పెద్ద పడవ, దీవి దీవికీ ఆగుతూ పోతుంది. మన దీవి రాగానే ఊళ్ళోంచి ఫైబరు పడవ పక్కకి వస్తుంది, ముందు సామాన్లు దింపి తర్వాత మనల్ని దింపుతారు. నా బ్యాగు సగం తడిసింది. నీళ్ళు చొరని సంచీ కొనుక్కుని వెళ్ళండి, ఫోను, మందులు అందులోనే పెట్టుకోండి.

నాండిలో ఉన్న ఆ ఒక్క సాయంత్రం మాత్రం వృథా చేయకండి. ఊళ్ళో శివ సుబ్రహ్మణ్య స్వామి గుడి ఉంది, మన వైపు గుడే అనిపించే రంగుల గోపురం. నన్ను అక్కడికి తీసుకెళ్ళిన టాక్సీ అతని ముత్తాత మద్రాసులో ఓడెక్కి వచ్చాడట. 1879 నుంచి 1916 దాకా చెరకు తోటల్లో పనికి అరవై వేలమందికి పైగా మన దేశం నుంచి ఒప్పందం మీద వచ్చారు, దాన్ని గిర్మిట్ అంటారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు కదిలాయి, విశాఖపట్నం, గోదావరి జిల్లాలవాళ్ళు కూడా ఆ ఓడల్లో ఉన్నారు. అతను మాట్లాడేది ఫిజీ హిందీ. తెలుగు రాదు, కానీ ఇంట్లో పెద్దాయన్ని ఇప్పటికీ "తాతా" అనే పిలుస్తారని చెప్పాడు. మాది గోదావరి అన్నానని కిరాయి తీసుకోలేదు, ఎంత బతిమాలినా వినలేదు.

ఇక ఊరు. యసావా పల్లెల్లో ఉండేది దాదాపు అందరూ ఇతౌకేలు, అంటే ఫిజీ మూలవాసులు. ఊళ్ళో అడుగు పెట్టగానే చేయాల్సింది సెవుసెవు. ఏజెన్సీ పంపిన కాగితాల్లో దీని గురించి ఒక్క లైను ఉంది, "కావా ఉత్సవంలో పాల్గొంటారు" అని. అది ఉత్సవం కాదండీ, ఊళ్ళోకి రావడానికి అనుమతి అడగడం. నాండి మార్కెట్లో యంగోనా (కావాకి ఫిజీ పేరు) వేళ్ళు అరకిలో కట్ట, పేపరు చుట్టి రిబ్బను కట్టింది, కొని తీసుకెళ్ళాలి. టోపీ, కళ్ళజోడు తీసేయాలి, భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. పెద్దాయన ఇంట్లో చాప మీద బాసింపట్టు వేసి కూర్చుని కట్ట ఆయన ముందు పెడతాం. మనం మాట్లాడకూడదు, మన తరఫున ఊరివాళ్ళే ఒకరు మాట్లాడతారు. పెద్దాయన ఆ కట్టని చేత్తో తాకి, కళ్ళు మూసుకుని చాలాసేపు సన్నగా ఏదో చెప్పాడు, గదిలో అందరూ అరచేతులు గుంట చేసి లోతుగా చప్పట్లు కొట్టారు. తర్వాత కొబ్బరి చిప్పలో కలిపిన యంగోనా ఇచ్చారు. ఒక చప్పట్టు, "బులా" అనడం, ఒక్క గుక్కలో తాగడం, మళ్ళీ మూడు చప్పట్లు. ఒండ్రు నీళ్ళ వాసన, నాలుక మొద్దుబారుతుంది. ఆ క్షణం నుంచి ఊళ్ళో మన బాగోగులు వాళ్ళ బాధ్యత అయిపోతాయి. ఆ తర్వాత నెల రోజులూ అది మాట వరసకి కాదని నేను చూశాను.

నాకు బస ఇచ్చింది ఒక ముసలావిడ ఇంట్లో. అక్కడ అమ్మమ్మని, నానమ్మని "బుబు" అంటారు, నేనూ అలాగే పిలిచాను. రేకుల ఇల్లు, నేల మీద మొగలి జాతి ఆకుతో అల్లిన చాపలు. ఆవిడ మధ్యాహ్నాలు అల్లుతూ ఉంటే మా ఊళ్ళో మొగలి పొదల పక్కన నడిచిన రోజులు గుర్తొచ్చేవి. తిండి గురించి చాలామంది అడిగారు. కర్రపెండలం, చేమదుంప, చేపలు, కొబ్బరి పాలు, ఇవే రోజూ. చేమాకుని కొబ్బరి పాలల్లో ఉడికించి రౌరౌ అంటారు, కోనసీమవాళ్ళకి అది కొత్తేమీ కాదు, నేను రెండుసార్లు అడిగి వేయించుకున్నా. పచ్చి చేప ముక్కల్ని నిమ్మరసంలో నానబెట్టి కొబ్బరి పాలు పోసే కొకొండా తినగలిగితే తప్పకుండా తినండి. శాకాహారులు బతకొచ్చు, కానీ ముందే చెప్పాలి, కందిపప్పు నాండిలోనే కొనుక్కోవాలి. నేను ఒకరోజు పప్పు చారు కాస్తే బుబు మనవలు కర్రపెండలం దాంట్లో ముంచుకుని తిన్నారు. రాత్రి భోజనానికి ముందు ఇంటిల్లిపాదీ ప్రార్థన చేస్తారు. ఆదివారం చర్చి తప్ప ఏ పనీ ఉండదు, సముద్రంలో ఈత కూడా కొట్టకూడదు, దాన్ని గౌరవించండి.

ఇప్పటిదాకా చెప్పినదానికి ఐదుకి ఐదు స్టార్లు. ఇక రెండు స్టార్ల సంగతి, అదంతా నీళ్ళ గురించే.

యసావా దీవులు ఫిజీలో పడమటి వైపు ఉన్నాయి. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ వానలు బాగా తక్కువ. మా దీవిలో ఏరు లేదు, బావి నీళ్ళు ఉప్పన. ఇళ్ళ రేకుల మీద పడిన వాన గట్టర్లోంచి ప్లాస్టిక్ ట్యాంకుల్లోకి పోవాలి, అవే తాగాలి, వండుకోవాలి. తుపానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ కాబట్టి వాలంటీర్లని అప్పుడు పంపరు, అది న్యాయమే. కానీ మిగిలింది ఎండాకాలమే కదా. సరిగ్గా ఊళ్ళో నీళ్ళు అడుగంటే జులైలో ఏజెన్సీ మమ్మల్ని ఎంతమందిని పంపిందో తెలుసా, 14 మందిని. మనిషికి రోజుకి 20 లీటర్లు అనుకున్నా, స్నానాలు పొదుపుగా చేసినా, రోజుకి 280 లీటర్లు, నాలుగు వారాలకి 7,840. మా బసకి దగ్గర్లో ఉన్న ట్యాంకు 5,000 లీటర్లది. అంటే సాయం చేయడానికి వచ్చినవాళ్ళం ఒక ట్యాంకు నిండా తాగేసి రెండోదాన్ని సగానికి దింపేస్తాం.

దీని మీద ఇంకోటి. మాకు ఇచ్చిన పని, ఒడ్డు నుంచి స్కూలు దాకా కాంక్రీటు దారి వేయడం. కాంక్రీటు కలపడానికి నీళ్ళు కావాలి, వేశాక వారం రోజులు తడపడానికీ నీళ్ళు కావాలి. పిల్లలు ఇసుకలో చెప్పుల్లేకుండా పరుగెత్తుకుంటూ స్కూలుకి పోతున్నారు, వాళ్ళకి ఆ దారి అవసరం కనపడలేదు. ఊరి పెద్ద, తురాంగ ని కోరో అంటారు, ఆయన్ని ఈ దారి మీరు అడిగారా అని నాలుగో రోజు రాత్రి యంగోనా దగ్గర అడిగాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అతిథులు ఏదో ఇస్తామంటే వద్దనడం మాకు రాదు" అన్నాడు. నేను పైపుల షాపులో పనిచేస్తానని చెప్పాను. మర్నాడు పొద్దున్నే బుబు ఇంటికొచ్చి నన్ను ట్యాంకుల దగ్గరకి తీసుకెళ్ళాడు.

ఆ పొద్దున చూసింది నేను మర్చిపోలేను. ఒక ట్యాంకు కుళాయి కింద పెరుగు డబ్బా పెట్టి ఉంది, అందులో టప్పు టప్పుమని చుక్కలు పడుతున్నాయి. నిండగానే ఎవరో ఒక పిల్ల వచ్చి ఇంట్లో పోసుకుని మళ్ళీ పెడుతోంది. కుళాయి విప్పి చూస్తే లోపల రబ్బరు వాషరు ఎండి రెండు ముక్కలైంది. మా షాపులో ఇలాంటివి గుప్పెళ్ళతో సంచీలో పోసి ఇస్తాం. అక్కడ వాషరు కావాలంటే లౌతోకా పట్నం వెళ్ళాలి, పడవ కిరాయి కట్టుకుని, ఒక రోజు పని మానుకుని. ఆ ట్యాంకు కూడా ఎప్పుడో వాలంటీర్లు వచ్చినప్పుడు పెట్టిందే. ట్యాంకు ఇచ్చారు, ఫోటో తీసుకున్నారు, స్పేరు వాషరు ఒక్కటీ ఇవ్వలేదు. కమ్యూనిటీ హాలు రేకు చూస్తే గట్టరు ఒక్క వాలుకే ఉంది, రెండో వాలు మీద పడిన వానంతా నేలపాలు. ఆ రెండో వాలు సుమారు 60 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు, కాబట్టి పది మిల్లీమీటర్ల జల్లు పడితే 600 లీటర్లు వృథాగా పోయినట్టే.

పాత స్లిప్పర్ అడుగు కోసి వాషరులా పెట్టాను, కారడం ఆగింది. తర్వాత ఊరి పెద్ద కొడుకులు ఇద్దరు లౌతోకా వెళ్ళి గట్టరు పైపులు, జాయింట్లు, టెఫ్లాన్ టేపు, దోమ తెర తెచ్చారు. వాళ్ళిద్దరూ, నేను, ఇంకో ముగ్గురు వాలంటీర్లు కలిసి ఆరు రోజుల్లో రెండో వాలుకి గట్టరు బిగించాం, వానలో మొదట వచ్చే మురికి నీళ్ళు పక్కకి పోయేలా ఒక నిలువు పైపు పెట్టాం, ట్యాంకు నోటికి తెర కట్టాం. ఫిజీలో మలేరియా లేదు గానీ డెంగీ ఉంది, నిలవ నీళ్ళలోకి దోమ పోకూడదు. సామానుకి అయిన ఖర్చు మాలో ఒక్కరు కట్టిన ఫీజులో పదో వంతు లేదు, అదీ మేమే పోగుచేసుకున్నాం. ఏజెన్సీ మనిషికి ఫోన్ చేస్తే "షెడ్యూలులో లేని పని" అన్నాడు. కాంక్రీటు దారి సగంలో ఆగింది, ఊళ్ళో ఎవరూ దాని గురించి మళ్ళీ అడగలేదు.

డబ్బు లెక్క. నాలుగు వారాలకి నేను కట్టింది 3,200 న్యూజిలాండ్ డాలర్లు, విమానం టికెట్ కాక. ఇందులో బుబు ఇంటికి ఎంత ముడుతుందని ఏజెన్సీకి మూడుసార్లు రాశాను. మూడుసార్లూ "గణనీయమైన భాగం స్థానికులకే" అని ఒకటే జవాబు. బుబుని నేను అడగలేదు, తిండి పెట్టిన మనిషిని ఆ ప్రశ్న వేయడం నాకు నోరు రాలేదు. కానీ వారానికోసారి వచ్చే బియ్యం, పిండి, టిన్ చేపల సంచీ నా కళ్ళతో చూశాను, అది నా ఒక్కడి తిండికే చాలదు. ఇంకో విషయం ఇంతకంటే నన్ను బాధపెట్టింది: రోజూ రెండు గంటలు చిన్నపిల్లల క్లాసులో కూర్చోబెట్టారు, నాకు టీచింగు రాదు, పోలీసు సర్టిఫికెట్ కూడా అడగలేదు. మన పిల్లల స్కూల్లోకి ముక్కూ మొహం తెలియని మనిషిని అలా పంపనిస్తామా?

అమ్మాయిలు వెళ్ళొచ్చా అంటే, మా బ్యాచ్‌లో తొమ్మిదిమంది అమ్మాయిలే, ఊళ్ళో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు, ఇళ్ళలో ఆడవాళ్ళు కన్నతల్లుల్లా చూసుకున్నారు. ఒంట్లో బాగోకపోతే మాత్రం టెన్షనే, నర్సు దగ్గరకైనా పడవ మీదే వెళ్ళాలి, ఇన్సూరెన్స్ లేకుండా కదలకండి. ఏ పర్మిట్ మీద వాలంటీరుగా పంపుతున్నారో కాగితం మీద రాయించుకోండి. డబ్బు కట్టకముందే ఇవి అడగండి: ఈ పని ఊళ్ళో ఎవరు అడిగారు, ఒకేసారి ఎంతమందిని పంపుతారు, వాళ్ళ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి, ఆతిథ్యం ఇచ్చే ఇంటికి వారానికి ఎంత ఇస్తారు. అంకెల్లో జవాబు రాకపోతే వదిలేయండి. చేతిలో పని ఉండి, ఏడాదో రెండేళ్ళో ఉండగలిగేవాళ్ళకి వేరే దారులున్నాయి. న్యూజిలాండ్ పౌరసత్వమో పర్మనెంట్ రెసిడెన్సీనో ఉంటే వాలంటీర్ సర్వీస్ అబ్రాడ్ చూడండి, వాళ్ళు మన దగ్గర ఫీజు తీసుకోరు, ఖర్చులు వాళ్ళే పెట్టుకుంటారు. అమెరికా పౌరులైన మనవాళ్ళకి అక్కడి ప్రభుత్వం నడిపే పీస్ కోర్ ఉంది, 27 నెలలు, మొదట భాష నేర్పించాకే పనిలోకి దింపుతారు.

నేను వచ్చే ఏడాది మళ్ళీ వెళ్తున్నా, ఈసారి ఏజెన్సీ లేకుండా, ఊరి పెద్ద పిలిస్తే బుబు ఇంటికి చుట్టంలా. ఏం తెమ్మంటారని ఫోన్లో అడిగితే ఆయన చెప్పిన జాబితా చిన్నది: అర అంగుళం, ముప్పావు అంగుళం వాషర్లు రెండొందలు, టెఫ్లాన్ టేపు ఒక డబ్బా, బుబుకి కందిపప్పు.